చానల్ పెడుతున్నావట కదా, బుజ్జీ

బుజ్జీ,

మన మండలం వార్తలకు యూట్యూబ్ చానల్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడికి కంగారు. నాకేమో ఒకటే సంబరం, ఆ వెనకే గుబులు. నిద్ర పట్టక తెల్లారుజామునే లేచి ఇది రాస్తున్నా.

మైకులు, లైట్ల సంగతి నీకే తెలుసు. ఫొటో వస్తే గూగుల్ లెన్స్‌లో పెట్టి పాతదేమో చూసుకో. పథకం గురించి అయితే జీవో కాగితం చూడనిదే చెప్పకు.

ఇక 2018 మే నెల సంగతి. నువ్వూ తమ్ముడూ సెలవులకి మా ఇంట్లోనే ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని నాకో వీడియో వచ్చింది. బైకు మీద ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుపోతారు. ఇన్నేళ్లు పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేసినవాణ్ని, ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదు. మీరు వాకిట్లో ఆడుకుంటున్నారు, గుండె ఝల్లుమంది. ‘జాగ్రత్త, అందరికీ పంపండి’ అని రాసి మరీ ఊరి గ్రూపులో పెట్టేశాను.

మూడో రోజు రచ్చబండ దగ్గర ఒక మనిషిని కరెంటు స్తంభానికి కట్టేశారు. చిక్కువెంట్రుకలకు బుడగలిచ్చేవాడు, తెలుగు రాదు. పిల్లల్ని మచ్చిక చేసుకోవడానికే ఆ బుడగలన్నారు. మూతి పగిలి రక్తం కారుతోంది. నేను అడ్డుపడితే, నా దగ్గర ట్యూషన్ చదివిన కుర్రాడు ఫోన్ తీసి నా మెసేజ్ నాకే చూపించాడు. “మీరు పెట్టిందే కదా సార్!”

పోలీసులు వచ్చేదాకా అతనికి అడ్డంగా నిలబడ్డాను. బతికాడు. హైదరాబాదులో ఆ నెలలోనే ఇలాంటి పుకారుకు ప్రాణమే పోయింది.

ఆ వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రమట. చివర్లో పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపేస్తారు. ఆ ముక్క కోసేసి వదిలారు. తుంగభద్ర దాటితే గద్వాల జిల్లా. అక్కడ ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, ఇది అబద్ధమని చెప్పించారు. ఏటికి ఇవతల నేను చేసిన ఘనకార్యం ఇదీ. ఆ జూలైలో వాట్సాప్ ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది. నేను పంపింది ఒక్క గ్రూపుకే.

నీ చానల్ చూసేవాళ్లు నిన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లు. ఎక్కడిదీ వార్త అని అడగరు, ‘మన బుజ్జి చెప్పింది’ అంటారు. నా టెన్షన్ అదే తల్లీ. ఎస్సై ఫోన్ ఎత్తకపోతే స్టేషన్‌కు వెళ్లు. ఈలోగా పక్క చానల్ వాడు పెట్టేస్తే పెట్టుకోనీ. చీకటి పడితే మాత్రం ఒంటరిగా వెళ్లకు, తమ్ముణ్ని తీసుకెళ్లు.

ఆ బుడగలాయన మళ్లీ మన ఊరు రాలేదు. మీ పెద్దమ్మ రాలిన జుట్టు ఇంకా కిటికీ చువ్వకే చుట్టి పెడుతోంది.

మొదటి వార్త పెట్టేముందు ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. వాట్సాప్‌లో పంపకు, నేను తీసేసి చాలా కాలమైంది.

మీ పెదనాన్న