టెర్మినల్లో కంట్రోల్ ఏ, కంట్రోల్ ఆర్ ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి, జెడ్‌షెల్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

వద్దండీ. షెల్ అంటే టెర్మినల్లో మీరు కొట్టే కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రాం, జెడ్‌షెల్ అందులో ఒక రకం. దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించినా హోమ్ ఫోల్డర్లో సెట్టింగుల ఫైలు అలాగే ఉంటుంది, జబ్బూ అలాగే ఉంటుంది. షార్ట్‌కట్‌లు ఊరికే పోవు, ఈమధ్య ఆ ఫైల్లో ఎవరో ఒక లైను చేర్చి ఉంటారు, ఆ ఎవరో నూటికి తొంభైసార్లు మీరే.

మా టీమ్‌లో ఒక కుర్రాడికి అచ్చం ఇదే వచ్చింది. "అన్నా, కంట్రోల్ కీ పోయింది, కొత్త కీబోర్డుకి రిక్వెస్ట్ పెట్టేశా" అన్నాడు. మరి కంట్రోల్ సి పనిచేస్తోందా అంటే చేస్తోందట! ఇంకా వింతేమిటంటే మామూలు విండోలో అన్నీ బాగానే ఉన్నాయి, టీమక్స్ (ఒకే విండోలో చాలా షెల్‌లు నడిపే ప్రోగ్రాం) లోపల మాత్రం కంట్రోల్ ఏ కొడితే లైను మొదటికి పోకుండా టోపీ గుర్తూ, దాని పక్కన ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరమూ పడుతున్నాయి, పాత కమాండ్లు వెతికే కంట్రోల్ ఆర్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. పాపం టీమక్స్‌ని కూడా తీసేసి మళ్లీ ఎక్కించాడు.

ఫైలు అడుగున చూస్తే కొత్త లైను, ఎడిటర్ వేరియబుల్‌కి, అంటే ఏ ఎడిటర్ తెరవాలో ప్రోగ్రాంలకి చెప్పే సెట్టింగుకి, విమ్ అని ఎక్స్‌పోర్ట్. గిట్ కమిట్ మెసేజ్‌లు విమ్‌లో తెరుచుకోవాలని పెట్టుకున్నాడు. జెడ్‌షెల్ మొదలయ్యేటప్పుడు ఎడిటర్‌లోనో విజువల్‌లోనో వి, ఐ పక్కపక్కన కనబడితే చాలు, ఈయన విఐ (విమ్‌కి ముందు తరం ఎడిటర్) వాడే మనిషి అనుకుని కీలన్నీ ఆ పద్ధతికి మార్చేస్తుంది, ఎన్‌విమ్ అని పెట్టినా అంతే. ఒక్క మెసేజ్ అయినా చూపించదు, నాకు ఒళ్లు మండేది అక్కడే. బాష్ అనే ఇంకో షెల్‌కి ఈ తెలివి లేదు, మీరు అడిగితేనే విఐ పద్ధతికి వెళ్తుంది. 2019లో కేటలీనాతో మ్యాక్ డిఫాల్ట్ షెల్ బాష్ నుంచి జెడ్‌షెల్‌కి మారాక బాష్ అలవాటున్నవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడ్డారు.

బయటి విండోలో ఆ లైను వచ్చేసరికి పైనున్న ప్లగిన్ (షెల్‌కి జోడించుకునే చిన్న ప్రోగ్రాం) ఒకటి కీల సంగతి తేల్చేసింది కాబట్టి బతికిపోయాడు, టీమక్స్ లోపలి షెల్‌కి ఆ వేరియబుల్ పుట్టుకతోనే వచ్చింది. సెట్టింగులు లేకుండా జెడ్‌షెల్‌ని జెడ్‌ఎస్‌హెచ్ మైనస్ ఎఫ్ అని నడిపి చూడమంటారు కదా, టీమక్స్‌లో అదీ మోసం చేస్తుంది, వేరియబుల్ దానికీ అందుతుంది మరి.

కీలని విఐ పద్ధతి నుంచి మామూలు పద్ధతికి తెచ్చే కమాండ్ బైండ్‌కీ మైనస్ ఇ, దాన్ని ఫైలు మొదట్లోనే, ప్లగిన్లన్నిటికంటే పైన రాసి కొత్త విండో తెరవండి. అడుగున రాస్తే ప్లగిన్లు పెట్టుకున్న కీలు పోతాయి, అప్పుడు మళ్లీ ఇంకో ప్రశ్న వేస్తారు.

కంట్రోల్ ఎస్ తగిలి స్క్రీన్ బిగుసుకుపోయిందంటే మాత్రం అది వేరే సంగతి, విండో మూసేయకుండా కంట్రోల్ క్యూ కొట్టండి.