ఒంటరిగా ఇటలీ వెళ్తున్న హారికకు

చిరంజీవి హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

మే నెలలో నువ్వు ఒక్కదానివే ఇటలీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగా, ఒకపక్క దడగా ఉంది. నల్లకుంట నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాలన్నా తోడు కావాలని మారాం చేసిన పిల్లవు నువ్వు.

పాస్‌పోర్టు నకళ్లు రెండు చోట్ల దాచుకో. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటావు కాబట్టి ఆ కాగితం చేతిసంచిలోనే ఉంచు. ఆపద వస్తే 112కు ఫోను చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా బెంగ వేరు. ఇప్పుడు అందరూ నీకు దొంగల కథలే చెబుతారు. అవి విని నువ్వు మంచివాళ్లను కూడా దూరం పెడతావేమోనని నా భయం. మీ మావయ్య చేసింది అదే. రోమ్ స్టేషన్‌లో టికెట్ మిషను దగ్గర సాయం చేస్తానని వచ్చిన ఒకడు చిల్లర కాజేసి పోయాడట. ఆ మంట చల్లారకముందే మావయ్య ఫ్లోరెన్స్‌లో పీసాకు వెళ్లే ప్రాంతీయ రైలు కోసం నిలబడ్డాడు. అక్కడ ఆ రైళ్ల కాగితపు టికెట్టును ఎక్కేముందే ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. ఆ సంగతి తెలియక నేరుగా రైలు వైపు నడుస్తున్న మావయ్యను చూసి, ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలావిడ వెంటబడి వచ్చి, ఒకసారి టికెట్టునూ ఒకసారి పెట్టెనూ చూపిస్తూ ఏదో చెప్పబోయింది. ఈయన టికెట్టు జేబులో కుక్కుకుని, ఆవిడ మీద గసిరి రైలెక్కేశాడు. దారిలో తనిఖీ అధికారి వచ్చి జరిమానా రాశాడు. డబ్బు పోయినందుకు మావయ్య ఇప్పుడు బాధపడడు కానీ, ఆవిడ ముఖం చిన్నబోయిన తీరు తలచుకుని ఈనాటికీ నొచ్చుకుంటాడు.

అక్కడ చూడవలసింది ఒకటే తల్లీ: ఆవిడ మావయ్యను ఏమీ ఇమ్మని అడగలేదు, తన వెంట ఎక్కడికీ రమ్మనలేదు, పైగా ఆవిడ చూపించిన పని పక్కనున్నవాళ్లందరూ చేస్తూనే ఉన్నారు. ఎవరైనా నిన్ను తొందరపెట్టినా, సామాను చేతిలోంచి లాక్కున్నా, మనుషులు లేని దారికి రమ్మన్నా నిర్మొహమాటంగా వద్దని చెప్పి వచ్చెయ్యి. అందులో మర్యాద చూసుకోకు.

సాయం కావలసినప్పుడు నువ్వే మనిషిని ఎంచుకుని అడగడం ఇంకా మంచిది. వెనిస్ స్టేషన్ బయట వంతెన మెట్లన్నీ చూసి నా పెట్టెతో దిగాలుగా నిలబడినప్పుడు, పుస్తకాల సంచి తగిలించుకున్న ఒక అమ్మాయిని నేనే అడిగాను. ఆ పిల్ల ఒక పక్క పిడి పట్టుకుని అవతలి గట్టు దాకా మోసి, నేను డబ్బు తీయబోతే చేతులు వెనక్కి దాచుకుంది. పిల్లలతో ఉన్న తల్లులను అడుగు, ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల షాపులో అడుగు. ముందు ‘బువోన్ జోర్నో’ అని నవ్వుతూ పలకరించి ఆ తరువాత నీ అవసరం చెప్పు. అక్కడివాళ్లు ఆ మర్యాదను బాగా పట్టించుకుంటారు.

కొత్త ఊరు ఏదైనా వెలుగుండగానే చేరుకో, ఇది మాత్రం నా ఆజ్ఞే అనుకో. ఒకవేళ గది చేరేసరికి రాత్రి పది దాటితే ఇక్కడ ఒంటిగంటన్నర అయిందే, పెద్దమ్మ నిద్రపోతుందేమో అని మొహమాటపడకుండా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ