వానలో తీసిన స్పెక్ట్రమ్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కాపర్ కాంప్లెక్స్ చేశాను. ఐఆర్‌లో (పదార్థం ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో గీసే పరీక్ష) 3400 దగ్గర (సెంటీమీటర్‌కి అలల లెక్క) వెడల్పాటి పీక్ వచ్చింది. మా సార్ చూసి "కోఆర్డినేటెడ్ వాటర్ అని రాసెయ్ అమ్మా" అన్నారు, అంటే లోహానికి పట్టుకున్న నీళ్లని. ఆ రోజంతా జోరువాన, అందుకే నాకు డౌటు. వైవాలో అడిగితే ఏం చెప్పను?
– విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ డౌటులో న్యాయం ఉంది. సార్‌తో వాదన పెట్టుకునే ముందు ఒక పని చేయండి. శాంపిల్ కలపకుండా ఉత్త కేబీఆర్‌తో (పొటాషియం బ్రోమైడ్, శాంపిల్‌ని కలిపి నొక్కే ఉప్పు), అదే డైలో (అచ్చులో), అదే బరువుకి ఒక పెల్లెట్ (బిళ్ల) నొక్కి స్పెక్ట్రమ్ తీయండి. అందులోనూ 3400 దగ్గర ఆ గుట్ట, 1640 దగ్గర దాని తోడు పీక్ కనిపిస్తే అవి గాలిలోంచి వచ్చిన నీళ్లవి. విశాఖలో వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా ముద్దకడుతుందో పొటాషియం బ్రోమైడ్‌కీ అదే గతి, కాకపోతే ఇక్కడ కంటికి కనపడకముందే స్పెక్ట్రమ్‌లో కనపడుతుంది.

అంతమాత్రాన మీ కాంప్లెక్స్‌లో నీళ్లు లేవని తేలిపోయినట్టు కాదు, ఆ పీక్ సాక్ష్యంగా పనికిరాదు, అంతే. కేబీఆర్‌ని 110 డిగ్రీల ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, డెసికేటర్లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి, ఐఆర్ ల్యాంప్ కింద అగేట్ మోర్టార్‌లో గబగబా నూరండి. ఒకటి రెండు మిల్లీగ్రాముల శాంపిల్‌కి 200 మిల్లీగ్రాముల కేబీఆర్ చాలు. చాలామంది శాంపిల్ ఎక్కువేసి, పీకులన్నీ అడుగుకి అంటుకుపోతే మిషన్‌ని తిట్టుకుంటారు. ఏటీఆర్ (శాంపిల్‌ని స్ఫటికం మీద పెట్టి ఐఆర్ తీసే అమరిక) ఉంటే ఈ బాధే లేదు, పొడి నేరుగా పెట్టి నొక్కడమే. ఇంకో మాట, మీది క్లోరో కాంప్లెక్స్ అయితే నూరేటప్పుడు క్లోరైడ్ స్థానంలో బ్రోమైడ్ వచ్చి కూర్చునే ప్రమాదం కూడా ఉంది, అప్పుడు మీరు తీసింది వేరే పదార్థం స్పెక్ట్రమ్ అవుతుంది.

ఇక నీళ్లు నిజంగా ఉన్నాయా అన్నది టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష) తేలుస్తుంది. ఊరికే ఇరుక్కున్న నీరు సాధారణంగా తక్కువ వేడికే పోతుంది, లోహానికి పట్టుకున్నది ఇంకా పైకి వెళ్తేగాని వదలదు. ఉత్త పెల్లెట్ స్పెక్ట్రమ్, టీజీఏ రెండూ పక్కపక్కన పెట్టి సార్‌కి చూపించండి, ఆయనే ఆ లైను మార్చమంటారు.

ప్రశ్న: మా కాలేజీకి ఎఫ్‌టీఐఆర్ (ఐఆర్ స్పెక్ట్రమ్ తీసే మిషన్) వచ్చింది. పాడైపోతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వరు. అసిస్టెంట్ తీసిచ్చిన ప్రింటౌట్లు రికార్డులో అంటించుకుంటున్నారు. ఏం చేయాలి?
– లెక్చరర్, గాజువాక

జవాబు: పిల్లలు ముట్టుకుంటే పాడవడం కంటే సెలవులకి మెయిన్ ఆఫ్ చేసి గది తాళమేస్తే పాడవడమే ఎక్కువ అండీ. చాలా మిషన్లలో బీమ్‌స్ప్లిటర్ (కాంతిని రెండుగా చీల్చే పలక) కూడా కేబీఆర్‌దే. కరెంటు ఉంటే లోపల కాస్త వెచ్చగా ఉండి తేమ చేరదు, ఆపేస్తే చేరి మసకబారుతుంది. డెసికెంట్ (తేమ పీల్చే మందు) ఇండికేటర్ రంగు మారిందో లేదో చూసే పని ఒకరికి అప్పజెప్పండి.

పిల్లలకి మొదట శాంపిల్ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ తీయించండి, తర్వాత శాంపిల్ గది మూత తీసి ఒకర్ని లోపలికి ఊదమనండి. 2350 దగ్గర కార్బన్ డయాక్సైడ్ లేస్తుంది. తమ ఊపిరి తెరమీద కనిపించేసరికి క్లాసంతా మిషన్ చుట్టూ మూగుతుంది, నోట్సు చెప్పి ఆ ఆసక్తి తెప్పించలేం. పాలిస్టైరీన్ ఫిల్మ్ పెట్టి 1601 పీక్ సరైన చోట వచ్చిందో లేదో కూడా వాళ్లే చూడాలి. ఆ తర్వాత ఆర్కే బీచ్‌లో ఏరిన ప్లాస్టిక్ ముక్కల్ని కడిగి, ఆరబెట్టి ఏటీఆర్ మీద పెట్టించండి. నీళ్ల బాటిల్ ముక్కయితే 1715 దగ్గర కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) పీక్ నిటారుగా నిలబడుతుంది, క్యారీబ్యాగ్‌లో అది ఉండదు, 2915, 2848 దగ్గర జంట పీకులుంటాయి. పాత ముక్కల్లో ఎండకి ఆక్సిడైజ్ అయి 1715 దగ్గర చిన్నది మొలవచ్చు, అక్కడ ఏ పిల్లాడు బాటిల్ అని పొరబడ్డాడో, ఎవడు మిగతా పీకులు కూడా చూశాడో తెలిసిపోతుంది. ఏటీఆర్ స్ఫటికం వజ్రమైతే భయం లేదు, జింక్ సెలినైడ్ అయితే గట్టి ముక్కలు, ఆసిడ్లు దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: సీవీ రామన్ వైజాగ్‌లోనే చదివారట కదా. ఆకురసాలతో పని చేస్తున్నాను, రామన్ పరీక్షకి (లేజర్ వెలుగు శాంపిల్‌లో చెదిరే తీరు చూసేది) డబ్బులు కట్టాలా, ఐఆర్ చాలా?
– రీసెర్చ్ స్కాలర్, పెందుర్తి

జవాబు: నిజమే, వాళ్ల నాన్నగారు ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. రామన్ పదకొండేళ్లకే ఇక్కడ మెట్రిక్ పాసయ్యారు, 1928లో కలకత్తాలో ఈ పరీక్షకి మూలమైన రామన్ ఎఫెక్ట్ కనిపెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతంగారు తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీలో అదే విషయం మీద పరిశోధన చేశారు.

మీ సంగతికొస్తే, నీళ్లలో ఉన్న శాంపిల్‌కి రామన్ బాగుంటుంది, నీటి సిగ్నల్ బలహీనం కాబట్టి అడ్డం రాదు, గాజు సీసాలోనే తీయొచ్చు. కానీ ఆకురసం దగ్గర తంటా వేరు. పచ్చ లేజర్, అంటే 532 నానోమీటర్లది పడగానే ఫ్లోరసెన్స్ (ఆకులోని పదార్థాలు తామే వెలిగే వెలుగు) వెలిగిపోయి పీకులన్నీ అందులో మునిగిపోతాయి. 785 అయితే చాలావరకు తగ్గుతుంది, సిగ్నల్ కూడా తగ్గుతుంది కాబట్టి ఎక్కువసేపు తీయాలి. స్లాట్ బుక్ చేసే ముందు లేజర్ ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. 532 ఒక్కటే ఉందంటే డబ్బులు కట్టకండి, రసాన్ని పూర్తిగా ఆరబెట్టి ఐఆర్‌లోనే తీయించుకోండి.