లడ్డూని ముందు కూర్చోబెట్టు

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. మీ లాబ్రడార్ లడ్డూ టెన్నిస్ బాల్ వెనక పరుగెత్తడం, మీ కొండాపూర్ అపార్ట్‌మెంట్ పిల్లలు చప్పట్లు కొట్టడం, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ నువ్వు ఇంగ్లండ్ వెళ్లాక దాన్ని ఫీల్డ్ ట్రయల్స్‌లో, అంటే వేటలో పడిన పిట్టల్ని తెచ్చే కుక్కల పోటీల్లో, దింపుతానన్నావు చూడు, అక్కడ ఆ పరుగు ఒక్కటి చాలు ఇంటికి పంపించేయడానికి. నువ్వు పంపకముందే అది లేచిపోయింది. దాన్ని ‘రన్నింగ్ ఇన్’ అంటారు. ఎంత గొప్ప కుక్కయినా ఆ రోజుకి దాని పని అయిపోయినట్టే.

నేను ఇంగ్లండ్‌లో, నార్ఫోక్‌లో ఉన్నప్పుడు మొదటిసారి ట్రయల్ చూడటానికి వెళ్లి బోర్ కొట్టి మధ్యలోనే వచ్చేద్దామనుకున్నాను. షుగర్ బీట్ చేలో మనుషులంతా ఒక వరసలో నడుస్తారు. తుపాకులు పట్టుకున్నవాళ్లు, జడ్జీలు, ఒక్కో జడ్జి కింద రెండేసి కుక్కలు. వరసలోకి పిలిచాక కుక్క మెడలో పట్టీ కూడా ఉండకూడదు, తీసి జేబులో పెట్టుకోవాల్సిందే. ఫెజంట్ అనే వేటపిట్ట లేస్తుంది, తుపాకీ పేలుతుంది, పిట్ట పడుతుంది. ఇన్ని జరుగుతున్నా కుక్క కదలకూడదు, మూలగకూడదు. జడ్జి నీ నంబర్ చెబితేనే పంపాలి. చాలాసార్లు పక్కవాళ్ల నంబర్ చెబుతాడు. అప్పుడు ఇంకో కుక్క వెళ్లి తెస్తుంటే నీది కూర్చుని చూడాలి. రోజంతా కలిపి లడ్డూ పరుగెత్తేది కొన్ని నిమిషాలే, మిగతాదంతా కూర్చోవడం.

అందుకని ఇప్పటినుంచి పది డమ్మీలు (పిట్టకి బదులు విసిరే గుడ్డమూటలు) విసిరితే ఏడు నువ్వే నడిచివెళ్లి తెచ్చుకో. లడ్డూ కూర్చుని చూస్తుంది. ‘పడినవన్నీ నావి కావు’ అని దానికి అర్థమయ్యేదాకా ఇదే పని. మీ వాచ్‌మన్ నీకేమైనా అయిందేమో అనుకుంటాడు, అనుకోనీ. కాన్వాస్ డమ్మీ దొరక్కపోతే పాత సాక్సులో పాతగుడ్డలు కూరి, పైన గోనెగుడ్డ చుట్టి కుట్టు. అరకిలో బరువు ఉంటే సరిపోతుంది. టెన్నిస్ బాల్ మాత్రం మానెయ్. అది దొర్లుతుంది, ఎగురుతుంది, కుక్కకి పిచ్చెక్కిస్తుంది. తాడు లాగుడు ఆటలు కూడా వద్దు. తెచ్చిన పిట్టని జడ్జి చేత్తో పట్టుకుని పక్కటెముకలు తడిమి చూస్తాడు. కుక్క నమిలినట్టు తేలితే అక్కడితో సరి.

ఈల రెండు రకాలు చాలు. ఒక పొడుగు ఈల వేస్తే ఉన్నచోటే కూర్చుని నీవైపు చూడాలి, చిన్నచిన్నవి వరసగా వేస్తే తిరిగి రావాలి. మొదటిది గిన్నెలో అన్నం పెట్టేటప్పుడు నేర్పు, రోజుకి రెండుసార్లు ప్రాక్టీసు దానంతటదే అయిపోతుంది.

హైదరాబాద్‌లో నాకు అన్నిటికన్నా భయం దీపావళి. తుపాకీ చప్పుడు కుక్కకి దూరం నుంచి, అదీ ఇష్టమైన పని చేస్తున్నప్పుడు, మెల్లగా అలవాటు చేయాలి. మన దగ్గర అలా కుదరదు కదా, ఎవరి పెళ్లి బరాత్ వచ్చినా గేటు ముందే టెన్ థౌజండ్‌వాలా. నేను తిరిగొచ్చిన కొత్తలో పెంచిన కుక్కపిల్లకి నాలుగో నెలలో దీపావళి వచ్చింది. అలవాటవుతుందిలే అని వరండాలోనే ఉంచాను. ఆ తర్వాత అది ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి కూడా మంచం కిందకి దూరేది. ఆ తప్పు నాదే. పండగ రెండు రోజులూ లడ్డూని లోపలి గదిలో పెట్టి, ఫ్యాను, టీవీ పెట్టి నువ్వు పక్కనే ఉండు. సంక్రాంతి తర్వాత గ్రౌండ్లలో మాంజా పడి ఉంటుంది, పాదాలు కోసుకుంటాయి. నెల రోజులు నేల చూసి మరీ వదులు.

నీళ్ల విషయం. నీళ్లలోకి దిగనన్నా కుక్కని తీసేస్తారు. హుస్సేన్ సాగర్ మురికి సంగతి నీకు తెలుసు. గండిపేట, హిమాయత్ సాగర్ మనం తాగే నీళ్లు, అటు పోవద్దు. శామీర్‌పేట దాటాక మా స్నేహితుడి తోటలో నీళ్ల గుంట ఉంది, గట్టు ఏటవాలుగా ఉంటుంది. అక్కడ మొదట నువ్వు మోకాలి లోతు దిగు, అదే వస్తుంది. ఎప్పుడూ తోసెయ్యకు. తోటలో నాటుకోళ్లు కూడా ఉన్నాయి. వాటి మధ్య లడ్డూని పక్కన కూర్చోబెట్టి మనం తీరిగ్గా టీ తాగుదాం, అంతకు మించిన ట్రైనింగ్ లేదు. నెమళ్లు వస్తే మాత్రం లీష్ తీయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ కౌజు అయినా పూరేడు అయినా వేటాడటం నేరం. మనకి డమ్మీలే గతి, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటాక పని పెట్టకు. తోట నుంచి వచ్చిన ప్రతిసారీ చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతుకు, టిక్ ఫీవర్ ఒకసారి వస్తే నెలలు పోతాయి.

కాగితాల పనికి ఇప్పుడే కూర్చో. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ లేకుండా వేసినది లెక్కలోకి రాదు. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి టైటర్ పరీక్షకి, అంటే టీకా పనిచేసిందో లేదో చూసే పరీక్షకి, పంపాలి. రక్తం తీసిన తేదీ నుంచి 3 నెలలు ఆగాలి. బయల్దేరే ముందు నట్టల మందు, అదీ అక్కడ దిగడానికి 24 నుంచి 120 గంటల లోపు వెట్ చేతే వేయించాలి. నీకు సెప్టెంబర్ అంటే దూరంగా కనిపిస్తుంది గానీ కాదు. తుంటి ఎక్స్‌రే కూడా ఇక్కడే తీయించు, లాబ్రడార్లకి తుంటి బాధ ఎక్కువ.

ఇంకో మాట చెబితే బాధపడకు. లడ్డూ 38 కిలోలు, షో కుక్కల సంతానం. అక్కడ ట్రయల్స్‌కి వచ్చేవి తరతరాలుగా పనికోసమే పెంచినవి, సన్నగా బాణాల్లా ఉంటాయి. గెలుస్తుందని నేను చెప్పలేను. పైగా ట్రయల్‌లో చోటు దొరకడమే లాటరీ. ఒకరోజు నావిస్ స్టేక్ (కొత్త కుక్కల పోటీ) అంటే పన్నెండు కుక్కల మాట, అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. క్లబ్ సభ్యులకి ముందు అవకాశం, మిగతా పేర్లు చీటీల్లోకి. వెళ్లగానే రెండు మూడు క్లబ్బుల్లో చేరు. ఎండాకాలంలో డమ్మీలతో జరిగే వర్కింగ్ టెస్టుల్లో దిగు, వాటిలో లడ్డూకి నిజంగా అవకాశం ఉంది. చలికాలంలో షూటింగ్ జరిగేచోట పడిన పిట్టలు ఏరే పనికి ఎవరి వెంటైనా వెళ్లు. అక్కడ ఒక్క సీజన్‌లో నేర్చుకునేది నా ఉత్తరాలు పది చదివినా రాదు.

నా మొదటి నావిస్‌లో ఏం జరిగిందో మీ అమ్మకి కూడా చెప్పలేదు. దెబ్బతిన్న ఫెజంట్ ఒకటి పడి నడిచి పారిపోయింది. నా కుక్క వాసన పట్టుకుని ఎడమకి, కంచె వెంట పోయింది. పిట్ట ఎదురుగా పడటం నేను కళ్లారా చూశాను కదా! ఈల వేసి ఆపి వెనక్కి తెచ్చాను. మళ్లీ ఎడమకే పోయింది, మళ్లీ ఈల. మూడోసారికి అది చేతులెత్తేసి నా ముఖం చూస్తూ కూర్చుంది. జడ్జి పక్క కుక్కని పంపాడు. అది అదే కంచె వెంట పోయి ప్రాణంతో ఉన్న పుంజుని నోట కరుచుకుని వచ్చింది. ఒక కుక్క వదిలేసినదాన్ని ఇంకోటి తెస్తే ‘ఐ వైప్’ అంటారు, అలా జరిగిన కుక్క ఇక పోటీలో లేనట్టే. రెండు గంటలు కారు నడిపాను, నోట మాట లేదు. అది మాత్రం వెనక సీట్లో గురకపెట్టి నిద్రపోయింది. కూర్చోవడం కుక్కకి నేర్పాను గానీ ఈల జేబులో పెట్టుకోవడం నేను నేర్చుకోలేదు.

ఆదివారం ఐదున్నరకల్లా సైనిక్‌పురి వచ్చేయండి, ఇక్కడి నుంచి కలిసి తోటకి పోదాం. లడ్డూకి పొద్దున అన్నం పెట్టకు, నీళ్లు రెండు సీసాలు తెచ్చుకో. టీకా కార్డు కూడా తీసుకురా, తేదీలు ఒకసారి నేను చూస్తాను.

మీ మామయ్య