ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఎక్కడ ఇవ్వాలి? బుక్‌లెట్‌లో "మా బాధ్యత కాదు" అంటే బ్యాటరీకి కూడానా?

పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బింది, చిత్తూరులో చెత్తబండికి వేయొచ్చా అని అడిగారు. పెట్టెలో వచ్చిన బుక్‌లెట్‌లో "ఇతరుల కంటెంట్‌కు మేము బాధ్యులం కాము" అని ఉంది కాబట్టి కంపెనీని అడిగి లాభం లేదేమో అన్నారు.

ఆ మాటకూ బ్యాటరీకీ సంబంధం లేదండి. వేరేవాళ్లు తయారుచేసిన యాప్‌లు, పాటలు, వాతావరణం చూపించే సర్వీసుల్లాంటివి రేపు ఆగిపోయినా, తప్పు చూపించినా మా పూచీ లేదని చెప్పుకోవడం అది. బ్యాటరీ దగ్గర ఆ తప్పించుకోవడం కుదరదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపాల్సింది ఆ బ్రాండ్‌తో అమ్మిన కంపెనీయే. ఇంటి చెత్తలో కలపకుండా ఉండటం మన వంతు. బ్యాటరీ మీద చక్రాల చెత్తడబ్బా బొమ్మను అడ్డంగా కొట్టేసి ఉంటుంది చూడండి, అది చెప్పేది ఇదే.

తిరుపతిలో మా అత్తగారి ఫోన్‌కు ఇలాగే అయింది. మే నెల ఎండ, వంటింటి కిటికీలో రోజంతా చార్జింగ్. వెనక మూత లేచి, సందులో గోరు దూరేంత అయింది. నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన కూడా. ఆ వాసన వచ్చిందంటే లోపలి ద్రవం కారుతున్నట్టే, అది మండే రకం. "సూదితో గుచ్చితే గాలి పోతుంది" అన్నారు పక్కింటాయన. ఆయనకో దండం పెట్టాను. గుచ్చితే లోపలి పలుచని పొర చిరిగి, షార్ట్ అయి భగ్గుమంటుంది. సిమ్ తీసేసి, ఫోన్‌ను పొడి ఇసుక పోసిన స్టీలు గిన్నెలో మేడ మీద నీడన పెట్టాను.

ఆవిడ టెన్షనంతా అందులోని ఫొటోల గురించే. కాసేపు చార్జింగ్ పెట్టి తీసుకుందాం అంటారు. ఉబ్బినదానికి ఐదు నిమిషాలు కూడా పెట్టకూడదు. అదృష్టం, ఫొటోలు బ్యాకప్‌లో ఉన్నాయి. నా ఫోన్‌లో ఆవిడ గూగుల్ ఖాతా తెరిచి, పరికరాల జాబితాలో పాత ఫోన్‌ను సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చాను.

సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కుర్రాడు "వారంటీ అయిపోయింది, తీసుకోం సార్" అన్నాడు. రిపేరుకు కాదయ్యా, పారేయడానికి అన్నాను. మేనేజర్ వచ్చాక తీసుకున్నారు, అడిగితే రసీదూ ఇచ్చారు. వెళ్లే ముందు కంపెనీ సైట్‌లో ఇ-వేస్ట్ పేజీ తెరిచి దగ్గర్లోని కలెక్షన్ సెంటర్ చూసుకోండి. ఆ పేజీ చూపిస్తే సగం వాదన అక్కడే తెగుతుంది.

పాత సామాన్లవాళ్లకు మాత్రం వేయొద్దు, సుత్తితో కొట్టి విప్పుతారు. చెత్తబండిలో వేస్తే నొక్కుడుకి చెత్తతో సహా అంటుకోవచ్చు. కొరియర్ ఊసే వద్దు. ఊడదీసే రకం బ్యాటరీ అయి, ఉబ్బకుండా ఉంటే, మెరిసే కొనల మీద టేపు అంటించి ఇవ్వండి. లోపల బిగించినదైతే విప్పే పని పెట్టుకోకుండా ఫోన్ మొత్తం ఇచ్చేయండి.