టెక్ సందేహాలు: టీచర్ సొంత సైట్లో పిల్లల మార్కులు ఎందుకు?

ప్రశ్న: సార్, నేను జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్ని. 22 ఏళ్ళుగా రాసుకున్న నోట్సు, బిట్ పేపర్లు అన్నీ అను ఫాంట్లలో టైప్ చేసి ఉన్నాయి. వాటిని సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలని ఉంది. తెలిసిన కుర్రాడు 15 వేలిస్తే అంతా తనే చూసుకుంటానంటున్నాడు. నేనే నేర్చుకోగలనా? కోడింగ్ రావాలా? మా పదో తరగతి పిల్లల ఫోటోలు, స్లిప్ టెస్టు మార్కులు కూడా పెడితే తల్లిదండ్రులు చూసుకుంటారని ఆశ.

జవాబు: నేర్చుకోగలరు టీచర్ గారూ, కోడింగ్ అక్కర్లేదు. ప్రశ్నపత్రం సొంతంగా టైప్ చేసుకునే మీకు వర్డ్‌ప్రెస్ లాంటి సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌లో పేజీ రాయడం కొన్నాళ్ళలో చేతికి వస్తుంది. అది నేర్పే తెలుగు వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

కుర్రాడి సాయం తీసుకోండి, తప్పులేదు. కానీ డొమైన్, అంటే సైటు చిరునామా, మాత్రం మీ పేరున, మీ మెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. అది ఇంటి పట్టా లాంటిది. "సైటు చేసినతను ఫోన్ ఎత్తడం లేదు, పాస్‌వర్డ్ మా దగ్గర లేదు" అన్న ఉత్తరం నాకు రాని నెల లేదు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ఎంతో ముందే చూసుకోండి. డొమైన్ కొన్న ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కొచ్చే కోడ్ లాంటిది కూడా అడిగేది) పెట్టండి. పాస్‌వర్డ్ మరిచిపోతే రికవరీకి ఇచ్చే మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ గడువు తీరిందంటే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, లోపలికి వెళ్ళే దారే ఉండదు.

ఇక అను ఫాంట్లు. వాటిలో టైప్ చేసినది మీ కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా చదవగలిగేలా చేసే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన బడుల్లో మెటీరియల్ చాలావరకు పాత ఫాంట్లలోనో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల్లోనో మగ్గుతోందంటే బాధగా ఉంటుంది. మీరు కాకతీయుల మీద ఎంత మంచి నోట్సు రాసినా, అది పాత ఫాంట్లోనో, స్కాన్ చేసిన బొమ్మగానో ఉంటే వెతికే పిల్లవాడికి దొరకదు, చూపు లేని పిల్లలకు ఫోను దాన్ని చదివి వినిపించలేదు. కన్వర్టర్లున్నాయి, యూనికోడ్‌లోకి మార్చుకోండి. వత్తుల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి ప్రతి పేజీ మళ్ళీ చదవాల్సిందే. మండలి, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు వెబ్‌కు బాగా పనికొస్తాయి. ఊరూపేరూ తెలియని కన్వర్టర్ సైట్లో పాఠం నోట్సు వేస్తే పర్వాలేదు, పిల్లల పేర్లున్న కాగితం మాత్రం వేయకండి.

మీ ప్రశ్నలో నన్ను నిజంగా కంగారు పెట్టింది చివరి వాక్యం. మార్కులు, ఫోటోలు పెట్టొద్దు. పేర్లు తీసేసి రోల్ నంబర్లే పెడతానంటారేమో, 40 మంది ఉన్న క్లాసులో ఏ నంబరు ఎవరిదో అందరికీ తెలుసు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్ళు నిండని వాళ్ళంతా పిల్లలే. వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అది నిజంగా వాళ్ళిచ్చిందేనని తేల్చుకోగలిగేలా ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచండి, గణితంలో 9 మార్కులొచ్చిన అమ్మాయి పేరు వెతికితే ఐదేళ్ళ తర్వాత కూడా ఆ 9 కనబడటం మీకు ఇష్టమా? మీరు పేజీ తీసేసినా, వెబ్ పేజీల నకళ్ళు దాచే ఆర్కైవ్‌లలో అది మిగిలిపోవచ్చు.

ఫోటోతో ఇంకో చిక్కు ఉంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లో చేరుతుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపినా, నేరుగా సైట్లోకి ఎక్కించినా ఉండిపోవచ్చు.

వీటన్నిటికన్నా ప్రమాదం గూగుల్ షీట్. టీచర్లు చాలామంది ఆధార్ నంబర్ల కాలమ్‌ను 'హైడ్' చేసి షీట్ లింకును వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. హైడ్ చేస్తే కంటికి కనబడదంతే, డేటా అక్కడే ఉంటుంది. చూడ్డానికి మాత్రమే అనుమతి ఇచ్చినా, అవతలివాళ్ళు కాపీ చేసుకుని ఆ కాలమ్ తెరుచుకోగలరు. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్లపట్టీ గీసినా చాలాసార్లు కింది అంకెలు కాపీ అవుతాయి. ఆధార్ వివరాలను బహిరంగంగా పెట్టకూడదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. షేర్ చేసేటప్పుడు 'లింకు ఉన్న ఎవరైనా' చూసేలా చేసే మీటను ఒక్క నొక్కుకు అందేలా పెట్టి, ఈ షీట్లో ఆధార్ నంబర్లున్నట్టున్నాయి, ఆలోచించుకోండి అని ఒక్క మాట అడగని సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను నేను క్షమించలేను.

టీచర్లను ఒక్కరినే తప్పుపట్టలేను. ఈ అలవాటు పైనుంచి వచ్చింది. సాయంత్రం ఐదింటిలోగా పిల్లల ఆధార్, తల్లి ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా షీట్లో నింపి గ్రూపులో పెట్టమని మెసేజ్ వస్తుంది. ఆలస్యమైతే సంజాయిషీ. ఆ టెన్షన్‌లో షీట్ ఎవరెవరికి తెరుచుకుంటోందో చూసే తీరిక టీచర్‌కి ఎక్కడిది? డేటా అడిగే అధికారులు దాన్ని భద్రంగా పంపే దారి కూడా చూపించాలి. అది చూపించనంత కాలం నష్టపోయేది పిల్లలే.

మీ సైట్లో మీ పాఠాలు, మీ పటాలు, మీ బిట్ పేపర్లు పెట్టండి. మార్కులు ప్రోగ్రెస్ కార్డులో తల్లిదండ్రుల చేతికే ఇవ్వండి. ఇప్పటికే ఏదైనా షీట్ లింకు గ్రూపులో తిరుగుతుంటే, సైటు పని రేపటికి వాయిదా వేసి, ఇవాళే షేర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ లింకును ఆపేయండి.