వియన్నా చేరాక సైకిల్ ఏమైంది?

చి. అమ్మాయికి,

దీవెనలు. డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పాసావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా చేసిన సైకిల్ యాత్ర గురించి నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోజనమయ్యాక. ఆ వేళప్పుడు నాకు కునుకు పట్టకుండా చదివించావంటే మాటలు కాదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. చివరి రెండు పేజీల దాకా దానికి పెద్దగా పని పడలేదు. అక్కడ మాత్రం గీతలే గీతలు. కోపం తెచ్చుకోకు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, మా అమ్మాయి జర్మనీలో ఉన్న రోజుల్లో ఇదే దారిలో నేనూ తొక్కాను, 56 ఏళ్ల వయసులో, అద్దె సైకిల్ మీద. మూడో రోజుకి కూర్చోలేను, నిలబడలేను. అందుకే నీ కాగితాల్లో ఎక్కడ చెమట ఉందో, ఎక్కడ సెంటు కొట్టావో నాకు తెలిసిపోతోంది.

చెమట ఉన్న చోట్లు ముందు చెబుతాను. ఆ దారిలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుందనీ, అందుకే అందరూ నది వాలునే తొక్కుతారనీ పెద్ద ఆరిందాలా చెప్పావు. మరుసటి పేరాలోనే, మెల్క్ ఊరు దాటాక గాలి ఎదురు తిరిగిందన్నావు. ‘తెలుగులో తిట్టాను. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యం’ అన్నావు చూడు, అక్కడ నవ్వాను. స్పిట్జ్ దగ్గర రేవు దాటించే పడవ కూడా బాగా కుదిరింది. దానికి ఇంజను లేదనీ, నదికి అడ్డంగా కట్టిన తీగ ఆధారంగా నీళ్ల వడితోనే అవతలి ఒడ్డుకి పోతుందనీ చెప్పి, ‘మా నరసాపురం పంటు గుర్తొచ్చింది, ఆ డీజిల్ మోత తప్ప’ అన్నావు. పోలిక చెప్పేటప్పుడు కలవనిది కూడా చెప్పావు. చాలామంది అది మర్చిపోతారు.

ఇక సెంటు. ఆప్రికాట్ ఉండల్ని ‘నోరూరించే ఆస్ట్రియా మిఠాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. హోటల్ మెనూ కార్డు కూడా అంతకంటే ఎక్కువ చెబుతుంది. పండుని పిండిలో మూసి, నీళ్లలో ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లిస్తారు కదా. పూర్ణం బూరె అనుకుని కొరికితే లోపల పుల్లటి వేడి రసం చిమ్మి నాలుక కాలలేదూ? నాకు కాలింది. డ్యూర్న్‌స్టైన్ కోట గురించి పేజీన్నర రాశావు. 1192 చివర్లో ఇంగ్లండు రాజు రిచర్డుని అక్కడ బంధించారు, సరే. కొండెక్కి ఆ మొండిగోడల మధ్య నువ్వేం చేశావు? సీసాలో నీళ్లు అయిపోయాయని ఒక్క వాక్యం ఉంది. అది ఉంచు, రిచర్డుని రెండు వాక్యాల్లో సాగనంపు.

మౌథౌసెన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. సైకిల్ దారి ఆ ఊరి మీదుగానే పోతుంది. కొండ మీద నాజీల నిర్బంధ శిబిరం, పక్కనే రాతి క్వారీ, ఖైదీల చేత బండరాళ్లు మోయించిన 186 మెట్లు. నువ్వు రాసిన నాలుగు వాక్యాలూ ఎక్కడో చదివినవే. పైకి వెళ్లావా, లేదా? వెళ్లలేదని నా అనుమానం. వెళ్లకపోతే వెళ్లలేదనే రాయి. ఎండగా ఉందనో, తర్వాతి ఊరు గ్రైన్ చేరడానికి ఆలస్యమవుతుందనో, ఏది నిజమైతే అది. సిగ్గుగా ఉంటుంది, ఉండనీ. నేనూ వెళ్లలేదు. నా వ్యాసంలో మాత్రం, చదివినవాళ్లు వెళ్లాననుకునేలా వాక్యం తిప్పాను. అబద్ధం రాయలేదు, నిజమూ చెప్పలేదు. ఆ వాక్యం ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

ఇప్పుడు చివరి పేజీలు. ‘వియన్నా నడిబొడ్డున డాన్యూబ్ నన్ను గుండెకి హత్తుకుంది, నేను కొత్త మనిషినయ్యాను’ అన్నావు. డాన్యూబ్ నడిబొడ్డున లేదమ్మా. వరదల బాధ పడలేక 1870ల్లో నదిని తిన్నగా తవ్విన కొత్త దారిలోకి మళ్లించారు. పాత ఊరి పక్కన పారేది డాన్యూబ్ కెనాల్. నుస్‌డోర్ఫ్ దగ్గర అసలు నదిని వదిలేసి ఆ కెనాల్ వెంటే కదా ఊళ్లోకి వచ్చావు? గోడల నిండా స్ప్రే పెయింటు బొమ్మలు, పైన కార్ల రొద. అన్ని రోజులు నది పక్కనే తొక్కితే, తీరా చేరే వేళకి నది పక్కన లేదు! ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని కౌగిలింత ఎందుకు?

నేనూ ఇదే చేశాను. నా వ్యాసం సూర్యాస్తమయంతో ముగిసింది (ఆ రోజు మబ్బు పట్టి ఉంది). అప్పట్లో ఒక పత్రిక ఎడిటరుకి పంపితే, వెనక్కి పంపుతూ కింద ఒక్క ప్రశ్న రాశాడు: ‘సైకిల్ ఏమైంది?’ రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను.

డాన్యూబ్ మీద కిలోమీటర్ల లెక్క నల్లసముద్రం దగ్గర సున్నాతో మొదలై ఎగువకి పెరుగుతుంది. పాసావు దగ్గర 2226, వియన్నా దగ్గర 1929. మనం దిగువకి తొక్కుతుంటే ఒడ్డున ఓడల కోసం పెట్టిన బోర్డుల మీద అంకె తగ్గుతూ, హ్యాండిల్ మీది మీటరులో అంకె పెరుగుతూ ఉంటుంది. దారులు తప్పి తిరిగినవి కూడా కలుపుకుని నా మీటరు 338 చూపించింది. అద్దె షాపులో కుర్రాడు సైకిల్‌ని తలకిందులు చేసి, చక్రం ఒకసారి తిప్పి చూశాడు. గుడ్డతో చెయిను దగ్గర బురద తుడిచాడు. నేను జేబులోంచి ఫోన్ తీసేలోపే బొటనవేలితో మీటరు బటన్ నొక్కి పట్టుకున్నాడు. సున్నాలు వచ్చాయి. రసీదు చించి ఇచ్చాడు. హెల్మెట్ ఇంకా నా తల మీదే ఉంటే, నవ్వుతూ చెయ్యి చాపాడు.

అది రాసి పంపాను. వేశారు.

నీ సైకిల్ అద్దెది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాననీ, వెనక బ్రేకు కీచుమంటోందనీ మొదటి పేజీలోనే చెప్పావు. పదమూడో పేజీ దాకా అది కీచుమంటూనే ఉంది. వియన్నా వచ్చాక సైకిలే లేదు, నువ్వూ నీ కొత్త మనిషీ మిగిలారు. రైల్లో వెనక్కి తెచ్చుకున్నావా? దానికీ టికెట్ తీసుకోవాలి కదా, ఎంతయింది? లేక అక్కడే ఎవరికైనా అమ్మేశావా? అమ్మితే, బ్రేకు సంగతి కొన్నవాళ్లకి చెప్పావా?

ఆశీస్సులతో,
మాస్టారు